మారుమనస్సు

మారుమనస్సు అనగా క్రైస్తవ విశ్వాసంలో మనిషి ఆలోచన, వివేచన, ఇచ్ఛ మొదలంటా మారి దైవం వైపు తిరగటం. తెలుగు ప్రొటెస్టంటు సంఘాలలో ప్రసంగాల ద్వారా, పాటల ద్వారా, సాక్ష్యాల ద్వారా ఈ పదం బాగా ప్రచారంలోకి వచ్చినది. బైబిలు క్రొత్త నిబంధనలోని "మెటానోయియా" అనే గ్రీకు మాటకు ఇది తెలుగు సమానార్థకం. అపొస్తలుడైన పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయం 2వ వచనంలో ప్రస్తావించిన "మనస్సు నూతనమగుట" అనే భావన దీనికి అతి సమీపమైనది. సాధారణంగా మారుమనస్సును ఒక మలుపుగాను, మనస్సు నూతనమగుటను ఆ మలుపు తరువాత జీవితాంతం సాగే ప్రయాణంగాను బోధకులు వివరిస్తారు.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అని తెలుగు సామెత. ఈ భావన ఆ సామెతకు పూర్తిగా వ్యతిరేకమైనది. కనుకనే తెలుగునాట దీనిపై చర్చ వేదాంత గ్రంథాలకు పరిమితం కాలేదు. ఎవరి మనసు నిజంగా మారినది, దానిని నిర్ణయించేది ఎవరు అన్న ప్రశ్న పందొమ్మిదవ శతాబ్దపు కరవు రోజుల నుండి నేటి న్యాయస్థానాల వరకు వస్తూనే ఉన్నది.

పదవిచారం

గ్రీకు భాషలో "మెటా" అనగా తరువాత లేక మార్పు అనీ, "నూస్" అనగా గ్రహించే శక్తి, బుద్ధి అనీ అర్థం. ఈ రెండింటి కలయికతో ఏర్పడిన మెటానోయియాకు "మారిన మనస్సు" అన్నది దాదాపు యథాతథమైన తెలుగు. ఈ విషయంలో తెలుగు అనువాదకులు ఆంగ్లేయుల కంటె ఎక్కువ జాగ్రత్త వహించారని చెప్పవచ్చు. యేసును అప్పగించిన యూదా తరువాత బాధపడిన సందర్భంలో (మత్తయి 27వ అధ్యాయం) గ్రీకు మూలం మెటానోయియా అనదు, "మెటమెలోమై" అనే వేరొక క్రియను వాడుతుంది. కింగ్ జేమ్స్ ఆంగ్ల అనువాదంలో రెండు చోట్లా ఒకే మాట ఉన్నది. తెలుగులో మాత్రం యూదాకు "పశ్చాత్తాపము" అనీ, యోహాను, యేసుల పిలుపుకు "మారుమనస్సు" అనీ వేరువేరుగా వ్రాశారు. జరిగినదానికి కుమిలిపోవటం వేరు, కుమిలి లేచి దారి మార్చుకోవటం వేరు అన్న భేదం తెలుగు పాఠకుడికి ఈ విధంగా సులభంగా అందుతుంది.

పాత నిబంధనలో ఇందుకు మూలమైన హెబ్రీ మాట "షూబ్". దీనికి వెనుకకు తిరుగు, మరలివచ్చు అని అర్థం. ప్రవక్తల గ్రంథాలలో ఇది దారి తప్పినవాడు ఇంటిదారి పట్టటం వంటిది. ఉర్దూ బైబిలులో వాడే "తౌబా" అనే అరబ్బీ మాటకు కూడ తిరిగి రావటమే మూలార్థం. హైదరాబాదులో ఉర్దూ మాట్లాడే క్రైస్తవుడు, అతని పొరుగున ఉండే ముస్లిం ఈ విషయంలో ఒకే మాట వాడతారు.

"మనస్సు" అనే పదంతో ఒక చిక్కు ఉన్నది. భారతీయ దర్శనాలలో అంతఃకరణాన్ని మనస్సు, బుద్ధి, చిత్తం, అహంకారం అని నాలుగుగా విభజిస్తారు. అందులో మనస్సు సంకల్ప వికల్పాలకు నిలయం, నిలకడ లేనిది, నిశ్చయించేది బుద్ధి. పౌలు చెప్పిన నూస్ ఈ లెక్కన మనస్సు కంటె బుద్ధికే దగ్గర. ఉర్దూ అనువాదకులు రోమీయుల పత్రికలో "అక్ల్" అనే మాటను ఎంచుకొన్నారు. తెలుగు అనువాదకులు వాడుక భాషలోని మనస్సును తీసుకొన్నారు. వాడుకలో మనసు అంటే హృదయం, కోరిక, ఇష్టం కూడ అవుతాయి గనుక తెలుగు శ్రోతకు ఈ పదం మూలం కంటె కొంత మెత్తగా, భావోద్వేగంతో కలిసి వినిపిస్తుంది. తెలుగు కథోలిక అనువాదంలో "హృదయ పరివర్తనము" అని ఉండటం ఇదే ధోరణిలో ఇంకొక అడుగు.

పౌలు రచనలలో

రోమీయులకు వ్రాసిన పత్రిక సుమారు సా.శ. 57లో కొరింథు పట్టణం నుండి వ్రాయబడినదని పండితుల అభిప్రాయం. మొదటి పదకొండు అధ్యాయాలలో సిద్ధాంతాన్ని చర్చించిన పౌలు పన్నెండవ అధ్యాయంలో ఆచరణకు వస్తాడు. ముందు శరీరాన్ని సజీవమైన బలిగా అర్పించమని, వెంటనే లోకపు పోకడలో ఒదిగిపోక మనస్సు నూతనమై రూపాంతరం చెందమని చెబుతాడు. అట్లా మారినవాడే దేవుని చిత్తమేమిటో పరీక్షించి తెలుసుకోగలడని అతని వాదం.

ఇక్కడి తెలుగు వచనంలో "లోక మర్యాద" అన్న ప్రయోగం నేటి పాఠకులను తికమక పెడుతుంది. మర్యాద అంటే నేడు గౌరవం, సభ్యత. లోకానికి మర్యాద ఇవ్వవద్దని పౌలు చెప్పాడా అని అడిగేవారు లేకపోలేదు. సంస్కృతంలో మర్యాద అనగా హద్దు, కట్టుబాటు, ఆచారం. అనువాదకులు వాడినది ఆ అర్థంలోనే. అలాగే "లోకము" అని తెనిగించిన గ్రీకు మాట "అయోన్"కు యుగం, కాలం అని అర్థం. గడిచిపోతున్న ఒక కాలపు అచ్చులో పోతపోసినట్లు ఉండవద్దని మూలభావం.

రూపాంతరానికి మూలమైన "మెటమార్ఫో" అనే క్రియ క్రొత్త నిబంధనలో నాలుగు చోట్ల మాత్రమే కనిపిస్తుంది. రెండు చోట్ల అది కొండమీద యేసు రూపం వెలిగిపోయిన ఘట్టానికి, మిగిలిన రెండు చోట్ల విశ్వాసులకు సంబంధించినది. రోమీయుల పత్రికలో ఆ క్రియ ఉన్న తీరు వ్యాకరణరీత్యా గమనించదగినది. అది ఆజ్ఞార్థకం, కాని కర్మణి ప్రయోగం. పైగా ఒకసారి జరిగి ముగిసేదాన్ని గాక కొనసాగే పనిని సూచించే రూపం. మార్పు చెందమని ఆజ్ఞ, అయితే మార్చేది మాత్రం మరొకరు. మనిషి ప్రయత్నమెంత, దైవకృప ఎంత అన్న వాదానికి ఈ ఒక్క క్రియాపదం చాలినంత ఇంధనం ఇచ్చినది.

"నూతనీకరణ" అని చెప్పదగిన "అనకైనోసిస్" అనే నామవాచకం క్రొత్త నిబంధనలో రెండుసార్లే వస్తుంది. ఒకటి ఈ వచనంలో, రెండవది తీతుకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయంలో. తీతు పత్రికలోని అదే వచనానికి తెలుగు అనువాదంలో "పునర్జన్మ" అనే మాట చేరినది. హిందూ పాఠకుడికి ఇది మరణానంతరం మరో దేహం పొందటాన్ని స్ఫురింపజేస్తుంది గనుక ఇప్పటి బోధకులు "తిరిగి జన్మించుట", "క్రొత్తగా జన్మించుట" అనే మాటలనే ఎక్కువగా వాడుతున్నారు. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయంలో ఇదే భావం పాత బట్ట విడిచి కొత్త బట్ట కట్టుకొన్న పోలికతో వస్తుంది. అక్కడ తెలుగు అనువాదకులు ఎంచుకొన్న మాట "చిత్తవృత్తి". ఇది పతంజలి యోగసూత్రాలలో ప్రధానమైన పారిభాషిక పదం. యోగంలో చిత్తవృత్తులను నిరోధించాలి. పౌలు దృష్టిలో చిత్తవృత్తి నూతనం కావాలి. ఈ తేడా ఒక తెలుగు తోలు వర్తకుని జీవితంలో ఎట్లా ఎదురైనదో ఇదే వ్యాసంలో క్రింద చూడవచ్చు.

ప్రాయశ్చిత్తమా, మార్పా?

లాటిను బైబిలులో మెటానోయియాకు "పెనిటెన్షియా" అనే మాట వాడబడినది. దానికి పశ్చాత్తాపం, ప్రాయశ్చిత్తం అనే రెండర్థాలూ ఉన్నాయి. మధ్యయుగాలలో ఇది గురువు వద్ద పాపం ఒప్పుకొని, ఆయన విధించిన ప్రాయశ్చిత్తం పూర్తిచేసే సంస్కారంగా స్థిరపడినది. పదిహేనవ శతాబ్దంలో లోరెంజో వల్లా, 1516లో గ్రీకు క్రొత్త నిబంధనను ముద్రించిన ఎరాస్మస్ ఈ అనువాదాన్ని ప్రశ్నించారు. 1517లో మార్టిన్ లూథర్ ప్రకటించిన తొంభై ఐదు సిద్ధాంతాలలో మొట్టమొదటిదే ఈ విషయం: విశ్వాసి జీవితమంతా మారుమనస్సే కావాలి గాని అది ఒక పూట చేసి ముగించే కర్మ కాదని దాని సారాంశం. ఒక మాట అనువాదంపై మొదలైన సందేహం ఐరోపా చర్చిని రెండుగా చీల్చిన కారణాలలో ఒకటైనది.

తెలుగునాట ఈ భేదం పదజాలంలో నేటికీ నిలిచి ఉన్నది. కథోలికులు గురువు వద్ద చేసే ఒప్పుకోలును "పాపసంకీర్తనం" అంటారు. ఈస్టరుకు ముందరి నలభై దినాలను "తపస్సు కాలం" అంటారు. ప్రొటెస్టంటులకు ఆ దినాలు "శ్రమకాల దినాలు".

తొలినాటి తెలుగు విశ్వాసులు

తెలుగులోకి బైబిలును అనువదించే ప్రయత్నం పద్దెనిమిదవ శతాబ్దంలో బెంజమిన్ షుల్జ్ అనే జర్మను మిషనరీతో మొదలైనా ఆ అనువాదం అచ్చు కాలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, ఆగస్టస్ డిగ్రాంజెస్ విశాఖపట్నం చేరి అనువాదం మొదలుపెట్టారు. క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయరు వీరికి సహాయపడ్డాడు.

తెలుగు క్రైస్తవ కవులలో అగ్రగణ్యుడైన పురుషోత్తమ చౌదరి (1803-1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి 1833లో బాప్తిస్మం పొందాడు. చదివి, తర్కించి, చివరకు కులం నుండి బయటకు వచ్చినవాడు. రాగతాళాలతో ఆయన వ్రాసిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటంలో ఉన్నాయి, ఇప్పటికీ పాడబడుతున్నాయి. పాపి తన స్థితిని తలచుకొని ప్రభువును శరణు వేడటం వాటిలో తరచుగా కనిపించే ఇతివృత్తం. మారుమనస్సు అనే భావనను తెలుగు చెవికి అలవాటు చేసినవి వేదాంత గ్రంథాల కంటె ఈ కీర్తనలే అనటం అతిశయోక్తి కాదు.

యెర్రగుంట్ల పేరయ్య, ఒంగోలు ఉద్యమం

ఒంటరి చదువరి మనసు మారటం ఒక తీరు. ఊళ్ళకు ఊళ్ళు మారటం మరొక తీరు. రెండవదానికి తెలుగునాట ప్రసిద్ధమైన ఉదాహరణ ఒంగోలు.

అమెరికన్ బాప్తిస్టు తెలుగు మిషనును 1836లో శామ్యూల్ డే ప్రారంభించగా, 1840 నుండి నెల్లూరు దాని కేంద్రమైనది. చాలా ఏళ్ళు ఫలితం కనిపించకపోవటంతో మిషనును మూసివేయాలని అమెరికాలో పలుమారులు చర్చ జరిగినది. మిషన్ల పటంలో ఒంటరిగా ఒక్క చుక్క ఉన్నందున దానికి "లోన్ స్టార్ మిషన్" అన్న పేరు వచ్చినది. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ దంపతులు, ముగ్గురు భారతీయ విశ్వాసులు ఒంగోలులోని కొండ ఎక్కి ప్రార్థన చేశారు. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అంటారు.

యెర్రగుంట్ల పేరయ్య తాళ్ళకొండపాడుకు చెందిన మాదిగ. తోళ్ళ వర్తకం చేసేవాడు. అక్షరజ్ఞానం లేకపోయినా ఆధ్యాత్మిక జిజ్ఞాస గలవాడు. బండికట్ల వీరమ్మ అనే గురువు వద్ద రాజయోగం అభ్యసించి, తానూ శిష్యులకు బోధించేవాడు. తోళ్ళ కొనుగోలుకు ఉత్తరంగా వెళ్ళినప్పుడు ఏలూరులో చర్చి మిషనరీ సొసైటీకి చెందిన అలెగ్జాండర్ బోధ విన్నాడు. 1866లో జ్యూయెట్ చేత ఒంగోలులో పేరయ్య, ఆయన భార్య బాప్తిస్మం పొందారు. అదే సంవత్సరం జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడినది.

పేరయ్య కథ ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన "వైల్ సూయింగ్ శాండల్స్" అనే గ్రంథంలో నమోదైనది. ఈ పుస్తకం విలువ ఏమంటే, మిషనరీ రచనలలో సాధారణంగా కనిపించే "చీకటి నుండి వెలుగుకు" అనే సూటి గీతకు బదులు, మతం మారకముందే మాదిగ గూడెంలో వర్ధిల్లిన యోగ సంప్రదాయాన్ని, పోతులూరి వీరబ్రహ్మం బోధల ప్రభావాన్ని వివరంగా చెబుతుంది. పేరయ్య మనసు ఖాళీ పలక కాదు. విగ్రహారాధనను, కులభేదాన్ని అప్పటికే ప్రశ్నించిన ఒక గురుశిష్య పరంపర అతనిని సిద్ధం చేసినది. బాప్తిస్మం తరువాత అతడు తన పూర్వ శిష్యుల వద్దకు, బంధువుల వద్దకు వెళ్ళి బోధించటం వల్లనే ఉద్యమం గూడెం నుండి గూడేనికి పాకినది.

మారినవారికి క్లౌ పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. చూడటానికి ఇవి చిన్న నియమాలు. ఊరి వ్యవస్థ దృష్టిలో మాత్రం ఇవి తిరుగుబాటుతో సమానం. చనిపోయిన పశువును తీసుకువెళ్ళటం, జాతరలో డప్పు కొట్టటం, పిలిచిన రోజున వెట్టికి రావటం మాదిగల విధిగా ఊరు భావించేది. డప్పు కొట్టమని, ఆదివారం పనికి రామని చెప్పినందుకు అనేక గ్రామాలలో విశ్వాసులు దౌర్జన్యాలకు గురి అయ్యారు. మనస్సు నూతనమైనదో లేదో ఊరికి తెలిసినది వేదాంతం ద్వారా కాదు, ఆదివారం ఉదయం పొలంలో ఖాళీగా ఉన్న చోటు ద్వారా.

ఉద్యమం ఆరంభంలోనే మిషనరీల మనసుకు కూడ పరీక్ష ఎదురైనది. అగ్రవర్ణాలకు చెందిన కొందరు బోధ పట్ల ఆసక్తి చూపారు గాని, మాదిగలను చేర్చుకొంటే తాము రామన్నారు. ఆ సందర్భంలో క్లౌ, ఆయన భార్య వేరువేరుగా బైబిలు తెరవగా ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో దేవుడు లోకంలో నీచులను ఏర్పరచుకొన్నాడన్న భాగమే కనిపించినదని క్లౌ తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. మాదిగలనే చేర్చుకోవాలని వారు నిశ్చయించుకొన్నారు.

కరవు, వెలుంపిల్లి బాప్తిస్మాలు

1876-78 నాటి మహాకరవు దక్షిణ భారతాన్ని తుడిచిపెట్టినది. అమెరికాలో భూమి కొలతల పని తెలిసిన క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. తమ బోధకులే మేస్త్రీలుగా ఉండటంతో కూలికి వచ్చినవారు పనిచేస్తూ, విశ్రాంతి వేళ బోధ వింటూ ఉండేవారు.

బాప్తిస్మం కోరేవారి సంఖ్య పెరిగినది. అన్నం కోసం వస్తున్నారా, విశ్వాసంతో వస్తున్నారా అని తేల్చుకోలేక క్లౌ కరవు కాలమంతా బాప్తిస్మాలను నిలిపివేశాడు. సహాయం ఆగిపోయినదని, ఇక ఇచ్చేదేమీ లేదని ప్రకటించిన తరువాత కూడ జనం రావటంతో 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లి వద్ద బాప్తిస్మాలు మొదలయ్యాయి. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం మూడు దినాలలో 3,536 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మారుతూ నీటిలో నిలబడి ఇచ్చారు. క్లౌ స్వయంగా ఒక్కరికీ ఇవ్వలేదు.

ఇంతమంది మనసులు మూడు రోజులలో మారాయా అన్న ప్రశ్న అప్పుడే పుట్టినది. నిజానికి మారినది అంతకు ముందు పదేళ్ళలో, గూడెం బోధకుల కాలినడకన. లెక్కలో కనిపించినది మాత్రం ఆ మూడు రోజులు. అయినప్పటికీ కరవు లేకుంటే ఇంతమంది వచ్చేవారా అన్న సందేహాన్ని పూర్తిగా కొట్టివేయలేము. ఆకలి, అవమానం, ఆశ, నమ్మకం ఒకే మనిషిలో విడివిడి గదులలో ఉండవు.

సామూహిక మార్పుపై వాదోపవాదాలు

జె. వాస్కమ్ పికెట్ నాయకత్వంలో జరిగిన పరిశీలన 1933లో "క్రిస్టియన్ మాస్ మూవ్‌మెంట్స్ ఇన్ ఇండియా" అనే గ్రంథంగా వెలువడినది. ఇందులో తెలుగు ప్రాంతాలు కూడ ఉన్నాయి. ఏ ఉద్దేశంతో క్రైస్తవులైనారని ప్రశ్నించి, వచ్చిన జవాబులను వారి తరువాతి జీవితంతో పోల్చి చూశారు. మొదట వచ్చిన కారణం కంటె, వచ్చిన తరువాత లభించిన బోధ, శిక్షణ, సంఘ జీవితమే మార్పును ఎక్కువగా నిర్ణయిస్తాయని పికెట్ తేల్చాడు. పౌలు కొనసాగే క్రియను వాడటంలోని భావం కూడ దాదాపు ఇదే.

దోర్నకల్లు బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్య (1874-1945) ఇదే కాలంలో మానుకోట, ఖమ్మం, కృష్ణా ప్రాంతాలలో సామూహిక ఉద్యమాన్ని నడిపిన ప్రముఖుడు. ఈయన తమిళుడు. 1912లో ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడైనాడు. మాల మాదిగలలో వచ్చిన మార్పును చూసి ఇతర కులాలవారు కూడ సంఘంలో చేరుతున్నారని ఆయన చెప్పేవాడు. తాగుడు మానటం, పరిశుభ్రత, చదువు, ఆరాధనకు క్రమం తప్పకుండా రావటం ఆయన దృష్టిలో మారిన మనస్సుకు గుర్తులు.

మహాత్మా గాంధీ దీనితో ఏకీభవించలేదు. 1936లో జాన్ మాట్‌తో జరిగిన సంభాషణలో హరిజనులలో చాలామందికి మతాల తారతమ్యం గ్రహించే శక్తి లేదని, వారికి సువార్త చెప్పటం ఆవుకు చెప్పటం వంటిదని ఆయన అన్నాడు. ఈ మాట క్రైస్తవులనే గాక అంబేద్కరును కూడ నొప్పించినది. ఒక్కసారి ఆలోచిస్తే ఇక్కడి ఇరకాటం తెలుస్తుంది. మనస్సు మారినదా అన్న ప్రశ్న, వారికి మారదగిన మనస్సు ఉన్నదా అన్న ప్రశ్నగా పరిణమించినది. వీరమ్మ వద్ద యోగం నేర్చి, ఏళ్ళ తరబడి వెదకి, ఒంగోలు దాకా నడిచివచ్చిన పేరయ్య జీవితం ఆ వ్యాఖ్యకు డెబ్బై ఏళ్ళ ముందే జవాబు ఇచ్చినట్లు కనిపిస్తుంది.

చెంచయ్య నవసృష్టి వాదం

నెల్లూరుకు చెందిన పాండిపెద్ది చెంచయ్య (1886-1959) ఈ విషయాన్ని స్వతంత్రంగా ఆలోచించిన తెలుగువాడు. 1901లో కుటుంబంతో పాటు క్రైస్తవుడైనాడు. న్యాయవాద వృత్తి చేపట్టి పుదుక్కోట సంస్థానంలో న్యాయమూర్తిగా పనిచేశాడు. 1938లో మద్రాసు సమీపంలోని తాంబరంలో అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరిగినప్పుడు, హెండ్రిక్ క్రేమర్ వాదానికి జవాబుగా వెలువడిన "రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా" అనే గ్రంథ రచయితలలో చెంచయ్య ఒకడు. ఆయన బంధువు వి. చక్కరై మరొకడు.

క్రీస్తులో ముఖ్యమైనది సిద్ధాంతం గాని, సంఘ వ్యవస్థ గాని కాదని, మానవజాతిలో ఒక కొత్త రకం మనిషి పుట్టుక అని చెంచయ్య అభిప్రాయం. పరిశుద్ధాత్మ సృష్టిలో ప్రవేశించిన కొత్త శక్తి. దానితో మనిషి పాత మానవత్వాన్ని బాగుచేసుకోవటం గాక కొత్త సృష్టిగా మారతాడు. ఈ సాధనకు ఆయన ఆత్మయోగం అని పేరు పెట్టాడు. కుంభకోణానికి చెందిన మాస్టర్ సి.వి.వి. యోగమార్గం, అరవిందుని రచనలు ఆయనను ప్రభావితం చేశాయి. హిందూ వారసత్వాన్ని విసర్జించనక్కర లేదని ఆయన నమ్మాడు. చదువురాని పేరయ్య యోగం నుండి క్రీస్తు వద్దకు వెళ్ళగా, న్యాయమూర్తి చెంచయ్య క్రీస్తును అర్థం చేసుకోవటానికి యోగం వద్దకు వచ్చాడు. ఆయన రచనలు ఆంగ్లంలో ఉండటం వల్ల తెలుగు సంఘాలలో ఆయన పేరు తెలిసినవారు తక్కువ. ఇది విచారకరం.

హైదరాబాదులో: భక్తసింగ్, హెబ్రోను

హైదరాబాదు నగరంలో ఈ భావనకు విస్తృత ప్రచారం తెచ్చినది భక్తసింగ్ (1903-2000). పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, 1926లో ఇంజనీరింగు చదువుకు ఇంగ్లండు వెళ్ళాడు. తరువాత కెనడా చేరి, 1929లో క్రొత్త నిబంధన చదువుతూ క్రీస్తును విశ్వసించాడు. 1932లో వాంకూవరులో బాప్తిస్మం పొంది 1933లో భారతదేశం తిరిగివచ్చాడు. 1941లో మద్రాసులో "యెహోవా షమ్మా" సహవాసం ప్రారంభించాడు. తరువాత హైదరాబాదులో గోల్కొండ చౌరస్తా వద్ద నెలకొన్న హెబ్రోను ఆయన సేవకు కేంద్రమైనది.

ఏ విదేశీ మిషనుకూ చెందని సంఘాలు కావటం, నేలమీద కూర్చుని ఆరాధించటం, కలిసి భోజనం చేసే ప్రేమవిందులు, గంటల తరబడి బైబిలు పఠనం హెబ్రోను ప్రత్యేకతలు. ఏటా జరిగే పరిశుద్ధ సమాజ కూటాలకు వేలమంది వచ్చి దినాల తరబడి ఒకేచోట నివసిస్తారు. క్రైస్తవ కుటుంబంలో పుట్టినంత మాత్రాన క్రైస్తవుడు కాడని, ప్రతివాడూ స్వయంగా మారుమనస్సు పొందాలని భక్తసింగ్ నొక్కిచెప్పేవాడు. మూడు తరాలుగా క్రైస్తవులైన కుటుంబాలకు ఈ మాట కొత్తగాను, కొన్నిసార్లు కటువుగాను తోచినది. ఆయన 2000 సెప్టెంబరు 17న హైదరాబాదులో మరణించగా నారాయణగూడ శ్మశానవాటికలో సమాధి చేశారు.

ముంగమూరి దేవదాసు 1938లో ప్రారంభించిన బైబిలు మిషను కూడ విదేశీ మిషన్లతో సంబంధం లేని తెలుగు సంఘమే. హెబ్రోనులో గ్రంథపఠనానికి ఎంత ప్రాధాన్యమో, బైబిలు మిషనులో సన్నిధిలో మౌనంగా కనిపెట్టటానికి, దర్శనాలకు అంత ప్రాధాన్యం.

సంఘాచారంలో

తెలుగు సంఘాలలో మారుమనస్సును బహిరంగంగా చెప్పే పద్ధతి "సాక్ష్యం". పూర్వ జీవితం, మలుపు తిరిగిన సందర్భం, తరువాతి మార్పు అనే క్రమంలో విశ్వాసి తన కథను సభలో చెబుతాడు. తాగుడు మానిన భర్తల సాక్ష్యాలు వీటిలో తరచుగా వినిపిస్తాయి. వాటిని ధ్రువీకరించేది సాధారణంగా ఆడవారి వరుసలో కూర్చున్న భార్య ముఖమే. కాలక్రమంలో ఈ సాక్ష్యాలు ఒకే మూసలో పడి, పూర్వపు పాపం ఎంత పెద్దదైతే సాక్ష్యం అంత గొప్పదన్న భావం కలిగిస్తున్నాయని సంఘాలలోనే విమర్శ ఉన్నది. చిన్ననాటి నుండి విశ్వాసంలో పెరిగి, చెప్పుకోదగిన మలుపేదీ లేనివారు ఈ మూసలో ఇమడరు. మనస్సు నూతనమగుట దినదినం జరిగేదన్న పౌలు దృష్టి వీరికి ఆదరణ.

దానికి సంబంధించిన సాధనాలు ప్రతి ఉదయం బైబిలు పఠనం, కుటుంబ ప్రార్థన, ఉపవాసం, వాక్యాలను కంఠస్థం చేయటం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో గడచిన ఏడాదిని తలచుకొని కొత్త తీర్మానాలు చేయటం దాదాపు అన్ని సంఘాలలోనూ ఉన్నది.

కులం

మనస్సు మారినా మారనిది కులమని సంఘంలోని విమర్శకుల మాట. తెలుగు సంఘాలలో మాల మాదిగ భేదాలు, కులాన్నిబట్టి వివాహ సంబంధాలు, సంఘ ఎన్నికలలో కులపు లెక్కలు కొనసాగుతూనే ఉన్నాయి. అజరయ్య తన కాలంలోనే దీనితో పోరాడవలసి వచ్చినది. రోమీయుల పత్రిక ఈ విషయంలో మౌనంగా లేదు. 12వ అధ్యాయంలో మనస్సు గురించి చెప్పిన పౌలు 14, 15 అధ్యాయాలలో యూదులు, యూదేతరులు ఒకరి భోజనాన్ని మరొకరు తీర్పు తీర్చవద్దని, ఒకరినొకరు చేర్చుకొమ్మని వ్రాశాడు. ఒకే బల్ల వద్ద కూర్చోలేనివారి మనస్సు ఇంకా నూతనం కాలేదని ఆ వరుసను బట్టి అర్థమవుతుంది. తెలుగు ప్రసంగాలలో 12వ అధ్యాయం వినిపించినంతగా 14వ అధ్యాయం వినిపించదు.

చట్టం

భారత రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛను, మతాన్ని అవలంబించి ప్రచారం చేసే హక్కును ఇస్తున్నది. ప్రచారపు హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు ఇమిడిలేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేయగా, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులైన దళితులకు ఆ గుర్తింపు లేదు. ఆంధ్ర ప్రదేశ్‌లో వారిని వెనుకబడిన తరగతులలో "సి" వర్గంగా చేర్చి ఒక శాతం రిజర్వేషను కల్పించారు. ఈ విషయాన్ని పరిశీలించటానికి 2022లో కేంద్ర ప్రభుత్వం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషనును నియమించినది.

దీని ఫలితంగా అనేక తెలుగు కుటుంబాలలో ధ్రువపత్రంలో ఒక మతం, ఆదివారం మరొక మతం అన్న స్థితి ఏర్పడినది. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో, నిజమైన విశ్వాసం లేకుండ కేవలం రిజర్వేషను కోసం మతం మారినట్లు చెప్పటం రాజ్యాంగాన్ని మోసగించటమేనని సుప్రీంకోర్టు వ్యాఖ్యానించినది. క్రైస్తవ ఆచారాలు పాటిస్తూ హిందువునని చెప్పుకొన్న ఉద్యోగార్థి కేసు అది. మనస్సు మారిన సంగతి దేవునికి మాత్రమే తెలుసునని వేదాంతులు అంటారు. న్యాయస్థానం మాత్రం బాప్తిస్మపు రిజిస్టరును, ఆరాధనకు హాజరైన సంగతిని చూసి తీర్పు చెప్పవలసి వచ్చినది.